కారకోరం: ఆ కొండలెక్కడివి, ఆ పేర్లెక్కడివి? తరచుగా అడిగే ప్రశ్నలు

గోడకి భారతదేశం మ్యాపు తగిలించి పాఠం మొదలుపెడితే మన పిల్లల కళ్లు ముందు కృష్ణా, గోదావరుల మీదికే పోతాయి. మ్యాపు నెత్తిమీదున్న ఆ తెల్లటి కొస దగ్గరికి వచ్చేసరికి సిలబస్ అయిపోతుంది, లేదా టైం అయిపోతుంది. గ్రూప్స్ క్లాసుల్లో జాగ్రఫీ చెబుతూ నేను విన్న ప్రశ్నలు, లద్దాఖ్ టూరుకు వెళ్లొచ్చిన మిత్రులు వాట్సాప్‌లో అడిగినవి ఇక్కడ ఒకచోట చేర్చాను. సగానికి పైగా పేర్ల గురించే. అందులో ఆశ్చర్యం లేదు, ఈ శ్రేణిలో పేర్ల గొడవ అంత ఉంది మరి.

కారకోరం సరిగ్గా ఎక్కడుంది?

లద్దాఖ్‌కి ఉత్తరాన. పడమట గిల్గిత్, హుంజా వైపు నుంచి తూర్పున ష్యోక్ నది ఎగువ ప్రాంతం దాకా, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఏటవాలుగా సుమారు 500 కిలోమీటర్లు సాగుతుంది. ఉత్తరాన చైనా వాళ్ల షింజియాంగ్. పడమటి భాగం పాకిస్తాన్ ఆధీనంలో, సియాచిన్‌తో పాటు తూర్పు భాగం మన ఆధీనంలో, ఉత్తరపు వాలు చైనా ఆధీనంలో ఉన్నాయి. 1963లో పాకిస్తాన్ తనది కాని షక్స్‌గామ్ లోయను చైనాకు ఒప్పందం రాసి ఇచ్చేసింది. భారత్ దాన్ని ఇప్పటికీ గుర్తించలేదు.

8,000 మీటర్లు దాటిన శిఖరాలు భూమ్మీద 14 ఉంటే, అందులో 4 ఇక్కడే ఉన్నాయి: కే2, గాషర్‌బ్రుమ్ 1, బ్రాడ్ పీక్, గాషర్‌బ్రుమ్ 2. ఈ నాలుగూ బాల్తోరో హిమానీనదం ఎగువన పక్కపక్కనే ఉంటాయి.

హిమాలయాల్లో ఇదొక భాగమే కదా?

కాదు. పేపర్లలో "హిమాలయాల్లోని సియాచిన్" అని వస్తూనే ఉంటుంది, దాన్నిబట్టి పరీక్ష రాస్తే మార్కు పోతుంది. హిమాలయాలు పడమట నంగా పర్బత్ దగ్గర, సింధు నది మలుపులో ఆగిపోతాయి. సింధు నది దాటి, లద్దాఖ్ శ్రేణి దాటి, ష్యోక్, నుబ్రా లోయలు దాటాక అవతల లేచేది కారకోరం.

రాతి కథ కూడా వేరే. హిమాలయం ప్రధానంగా భారత ఫలకం అంచు మడతపడి లేచినది. కారకోరం ఆసియా ఫలకం వైపు అంచు. రెంటి మధ్య ఒకప్పటి అగ్నిపర్వత ద్వీపాల వరస ఇరుక్కుపోయింది, లద్దాఖ్ శ్రేణి దాని శేషమే. ఆ వరసకీ కారకోరానికీ మధ్య అతుకును భూగర్భ శాస్త్రజ్ఞులు ష్యోక్ సూచర్ అంటారు. కుట్టు వేసిన చోటు అన్నమాట.

ఖర్దుంగ్ లా మీద ఫొటో దిగాం. కారకోరం ఎక్కినట్టేనా?

లేదండీ. మీరు ఎక్కింది లద్దాఖ్ శ్రేణి మీది కనుమ. అయితే మరీ నిరాశపడక్కర్లేదు, ఆకాశం తేటగా ఉన్న రోజు అక్కడ నిలబడి ఉత్తరానికి చూస్తే సాసర్ కాంగ్రి గుంపు కనిపిస్తుంది. అది కారకోరం. కాకపోతే అందరూ కనుమ ఎత్తు రాసిన బోర్డుకి ఎదురుగా ఫొటో దిగుతారు, కొండలకి వీపు పెట్టి.

ఆ బోర్డు మీద చాలాకాలం 18,380 అడుగులు అని ఉండేది. జీపీఎస్ కొలతల ప్రకారం అది 5,359 మీటర్లు, అంటే సుమారు 17,582 అడుగులు.

కారకోరం అనే మాటకి అర్థం ఏంటి?

తుర్కిక్ భాషల్లో "కరా" అంటే నలుపు, "కోరం" అంటే గులకరాళ్లు, రాళ్లగుట్ట. నల్లరాళ్ల చోటు. నిండా మంచుతో మెరిసే కొండలకి నల్లరాళ్ల పేరేమిటని క్లాసులో ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. సరైన ప్రశ్నే.

మొదట ఆ పేరు శ్రేణిది కాదు, ఒక కనుమది. లేహ్ నుంచి యార్కండ్ వెళ్లే వర్తకుల దారిలో కారకోరం కనుమ ఉంది. ఎత్తు సుమారు 5,540 మీటర్లు. అంత ఎత్తున్నా దాని మీద హిమానీనదం లేదు, అందుకే గుర్రాలూ ఒంటెలూ దాటగలిగేవి. కనుమ నిండా నల్లటి గులక. బిడారు నడిపేవాడికి కావలసింది దారి. తల పైకెత్తితే కనబడే శిఖరంతో అతనికి పనిలేదు. కాళ్ల కింద ఏముందో అదే పేరు పెట్టుకున్నాడు. 19వ శతాబ్దంలో ఆ ప్రాంతానికి వచ్చిన మూర్‌క్రాఫ్ట్ వంటి ఐరోపా యాత్రికులు ఆ కనుమ పేరును పడమటి కొండలన్నిటికీ సాగదీశారు. ఆ యాత్రికులే ముజ్‌తాగ్ అనే పేరు కూడా వాడారు. దానికి మంచుకొండ అని అర్థం. నన్నడిగితే అదే బాగా అతికేది. కానీ సర్వే మ్యాపుల్లో కారకోరం నిలబడింది, ముజ్‌తాగ్ ఉపశ్రేణుల పేర్లలో మిగిలింది: బాల్తోరో ముజ్‌తాగ్, సియాచిన్ ముజ్‌తాగ్, రిమో ముజ్‌తాగ్, ఇలా.

గుర్తుపెట్టుకోవడానికి ఒక చిట్కా. తెలుగులోనూ "కారు" అంటే నలుపే: కారుచీకటి, కారుమబ్బు. రెండు భాషలకీ ఇందులో చుట్టరికం కలపకండి, ఇది కాకతాళీయం. కానీ ఒకసారి చెబితే ఏ పిల్లవాడూ మర్చిపోడు. ఇంకాస్త ముందుకెళ్తే మన నల్లమల ఉండనే ఉంది. నల్ల, మల. మల అంటేనే కొండ. అయినా మనం నల్లమల కొండలు అంటాం. ఈ తప్పు కారకోరంలో ఎన్ని చోట్ల జరిగిందో కింద చెబుతాను.

కృష్ణగిరి అంటే కారకోరమేనా?

పోటీ పరీక్షల పుస్తకాల్లో "కారకోరం ప్రాచీన నామం కృష్ణగిరి" అని ఉంటుంది. ప్రశ్న అలాగే వస్తే జవాబు అలాగే రాయండి. అర్థం కూడా సరిపోతుంది, నల్లకొండ. తమిళనాడులో కృష్ణగిరి అనే జిల్లా ఉంది, దానికీ దీనికీ సంబంధం లేదు.

మంగోలుల రాజధాని కూడా కారకోరమే కదా?

దాని శిథిలాలు మంగోలియాలో ఓర్ఖోన్ లోయలో, ఇక్కడికి చాలా దూరంలో ఉన్నాయి. 13వ శతాబ్దంలో చెంగిజ్ ఖాన్ కొడుకు ఒగెదేయ్ దాన్ని రాజధానిగా కట్టించాడు. అదీ నల్లరాళ్ల పేరే. ఒకే పేరున్న ఊళ్లు మనకి మాత్రం లేవా? ఎన్ని రామాపురాలు, ఎన్ని కొత్తపల్లిలు!

కే2లో "కే" ఏమిటి? కే1 ఏమైంది?

కే అంటే కారకోరం, అంతే. 1856లో సర్వే అధికారి థామస్ మాంట్‌గోమరీ కశ్మీర్‌లో హరముఖ్ పర్వతం మీద పరికరం నిలబెట్టి ఉత్తరానికి చూశాడు. 200 కిలోమీటర్లకు పైగా దూరాన రెండు శిఖరాలు తలలెత్తి కనబడ్డాయి. నోట్‌బుక్కులో వాటి బొమ్మ గీసి కే1, కే2 అని రాసుకున్నాడు. ఆ అంకెలు చూసిన వరసలో వేసినవే. ఏది ఎంత ఎత్తో తర్వాత లెక్క కట్టాక తెలిసింది.

సర్వే వాళ్ల పద్ధతి ఏమిటంటే, స్థానికంగా పేరుంటే అదే వాడాలి. కే1కి అక్కడివాళ్లు మాషర్‌బ్రుమ్ అంటారని తెలిసింది, దాంతో ఆ అంకె రాలిపోయింది. 7,821 మీటర్ల మాషర్‌బ్రుమ్ అదే. కే3, కే4, కే5 గాషర్‌బ్రుమ్ గుంపులో కలిసిపోయాయి. కే2కి మాత్రం జనం నోట నానిన పేరేదీ దొరకలేదు. 8,611 మీటర్లతో ప్రపంచంలో రెండో ఎత్తైన శిఖరమై ఉండీ రిజిస్టరులో సీరియల్ నంబరే దాని పేరయ్యింది. కే6, కే7, కే12 కూడా అలాగే మిగిలాయి.

ఈ కొలతలకి వెనక మన ప్రాంతం కూడా ఉంది. 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే గుత్తి, బీదర్ మీదుగా ఉత్తరానికి పాకింది. ఒక కొండ మీద నిలబడి ఇంకో కొండను చూడటం, కోణం రాసుకోవడం, మళ్లీ అవతలి కొండ ఎక్కడం. గుత్తిలో భూమ్మీద గొలుసు పరిచి కొలిచిన రేఖకీ, అర్ధ శతాబ్దం తర్వాత హరముఖ్ మీద తిప్పిన థియోడలైట్‌కీ (కోణాలు కొలిచే పరికరం) మధ్య తెగని లెక్క ఒకటుంది. సర్వే లెక్కల్లో పదిహేనో నంబరుగా ఉన్న శిఖరానికి 1865లో సర్వే పాత పెద్దసారు ఎవరెస్ట్ పేరు ఖాయమైంది కూడా ఈ సర్వే వాళ్ల ప్రతిపాదనతోనే. కే2కి మాత్రం ఏ సారు పేరూ అతకలేదు.

మరి మా పుస్తకంలో గాడ్విన్ ఆస్టిన్ అని ఉందే?

పెట్టాలని చూశారు. హెన్రీ హేవర్‌షామ్ గాడ్విన్ ఆస్టిన్ 1861లో బాల్తోరో హిమానీనదం మీదుగా వెళ్లి ఆ ప్రాంతం మ్యాపు గీశాడు. ఆయన పేరును శిఖరానికి పెడదామన్న ప్రతిపాదనను లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఒప్పుకోలేదు. అయినా కొన్ని మ్యాపుల్లో దూరింది, అక్కడి నుంచి మన పాఠ్యపుస్తకాల్లోకి వచ్చి కూర్చుంది. కే2 పాదం దగ్గరి హిమానీనదానికి మాత్రం గాడ్విన్ ఆస్టిన్ పేరు నిజంగానే స్థిరపడింది. పరీక్షలో కే2 పక్కన గాడ్విన్ ఆస్టిన్ కనబడితే కంగారుపడకండి, రెండూ ఒకటే అనుకుని టిక్ పెట్టేయండి.

అక్కడి జనం అంత పెద్ద కొండకి పేరు పెట్టుకోలేదా?

అందరికన్నా ఎక్కువసార్లు నన్ను అడిగిన ప్రశ్న ఇదే. చోగోరి అనే పేరు మీరు వినే ఉంటారు. బాల్టీ భాషలో "చోగో" పెద్ద, "రి" కొండ. చైనా వాళ్ల అధికారిక పేరు కూడా దీని నుంచే వచ్చింది. కానీ జనం రోజూ ఆ పేరు వాడేవారనడానికి ఆధారం చాలా తక్కువ. వచ్చిన దొర "అదేంటి?" అని వేలు చూపిస్తే, కూలి "పెద్ద కొండండీ" అని చెప్పి ఉండొచ్చు. దొర రాసుకున్నాడు. ఇప్పుడు బాల్టీ వాళ్లు దాన్ని "కేటూ" అంటారు. సర్వే నంబరు తిరిగొచ్చి స్థానిక పేరైంది!

ఇది నాకు వింతగా ఉండేది, తుర్తుక్ వెళ్లేదాకా. నుబ్రా దాటి ష్యోక్ వెంట పోతే వచ్చే బాల్టీ ఊరు అది, 1971 యుద్ధంలో మన వైపుకి వచ్చింది. మేం దిగిన ఇంటి పెద్దాయన మేడమీద ఆప్రికాట్లు రెండుగా చీల్చి ఎండబెడుతున్నాడు. గింజలు ఒక డబ్బాలోకి, పండు చాపమీదికి. ఎదురుగా ఉన్న కొండ పేరేంటని హిందీలో అడిగాను. ఆయన ఆ కొండ నడుము దగ్గరి పచ్చిక బయలు పేరు చెప్పాడు. అది కాదు, పైన ఆ శిఖరం అన్నాను. చాపమీంచి తలెత్తి ఒకసారి చూసి, "అక్కడ గడ్డి ఉండదు" అన్నాడు, మళ్లీ పండు చీల్చాడు.

మా ఊళ్లోనూ అంతే కదా. ప్రతి చేనుకీ పేరుంది: బావి చేను, రాళ్ల చేను, చింతమాను మడి. దూరాన నీలంగా కనబడేదాన్ని "ఆ కొండ" అనే అంటాం. పైగా కే2 విషయంలో ఇంకో చిక్కు ఉంది. బాల్తోరో వైపు ఆఖరి ఊరు అస్కోలే నుంచి అది కనబడదు. రోజుల తరబడి హిమానీనదం మీద నడిచి, కాంకోర్డియా అనే కూడలి చేరితే గానీ ఎదుటపడదు. ఊరి గడపలోంచి కనబడే మాషర్‌బ్రుమ్‌కి పేరుంది. కనబడనిదానికి లేదు.

గాషర్‌బ్రుమ్ అంటే "మెరిసే గోడ" అని చదివాను, నిజమేనా?

"అందమైన కొండ" అనడం సరైనది. బాల్టీలో "ర్గాషా" అందం, "బ్రుమ్" కొండ. గాషర్‌బ్రుమ్ 4 పడమటి ముఖం సాయంత్రం ఎండకి కాలినట్టు మెరుస్తుంది, 1892లో వచ్చిన బ్రిటిష్ పర్వతారోహకుడు మార్టిన్ కాన్వే దాన్ని వర్ణించిన తీరు చూసి జనం అదే పేరుకి అర్థం అనేసుకున్నారు.

ఈ కాన్వే పెట్టిన పేర్లు ఇంకా చాలా ఉన్నాయి. శిఖరం పైభాగం కిలోమీటరున్నరకు పైగా వెడల్పుగా ఉందని బ్రాడ్ పీక్ అన్నాడు. వేరే కొండల చాటున దాగుందని గాషర్‌బ్రుమ్ 1ని హిడెన్ పీక్ అన్నాడు. కాంకోర్డియా అనే పేరు ఆల్ప్స్‌లోని ఒక కూడలి నుంచి తెచ్చిపెట్టుకున్నది. తర్వాత ఎవరో బ్రాడ్ పీక్‌ను బాల్టీలోకి అనువదించి ఫల్చాన్ కాంగ్రి అన్నారు. బాల్టీ వాళ్లు మాత్రం ఆ మాట వాడరు.

చివరి ముక్కలు కొన్ని తెలిస్తే మ్యాపు సగం అర్థమవుతుంది. "రి" కొండ, "కాంగ్రి" మంచుకొండ, "లా" కనుమ, "తాగ్" తుర్కిక్‌లో కొండ, "సర్" వాఖీ భాషలో తల, అంటే శిఖరం. కాబట్టి సాసర్ కాంగ్రి పర్వతం అన్నా, బిలాఫోండ్ లా పాస్ అన్నా నల్లమల కొండలు అన్నట్టే. అనకూడదని నేననను. నేనూ అంటాను.

భారత్‌లో ఎత్తైన శిఖరం కే2 రాయాలా, కాంచనగంగ రాయాలా?

ప్రశ్న చదవండి. భారత అధికారిక మ్యాపు ప్రకారం గిల్గిత్-బల్టిస్తాన్ లద్దాఖ్ కేంద్రపాలిత ప్రాంతంలో భాగం, కాబట్టి కే2 మనదే. మన ఆధీనంలో ఉన్నవాటిలో అయితే కాంచనగంగ, 8,586 మీటర్లు. "పాక్ ఆక్రమిత కశ్మీర్‌లో ఉన్న" అనే ముక్క ప్రశ్నలో ఉంటే ఇక టెన్షనే లేదు.

సియాచిన్ అంటే గులాబీల చోటా? అక్కడ గులాబీలా?

బాల్టీలో "సియా" అడవి గులాబీ, "చెన్" అంటే అది సమృద్ధిగా ఉన్న చోటు. మంచు మీద పూయవు లెండి. హిమానీనదం ముక్కు దిగువన, నుబ్రా లోయలో ఆ ముళ్లపొదలు ఉంటాయి. ఇక్కడా అదే కథ: కింద పశువులు మేపుకునేవాళ్లు తమకు కనబడిన పొదల పేరు పెట్టారు, ఆ పేరు పైకి పాకి 76 కిలోమీటర్ల మంచునంతా కప్పింది. 1984 ఏప్రిల్ 13న సియాచిన్‌ను మన ఆధీనంలోకి తెచ్చిన ఆపరేషన్ మేఘదూత్ మొదలయ్యాక సైన్యం కాపలా ఉంటున్నది ఆ గులాబీల చోటే.

ఇందిరా కోల్ ఇందిరా గాంధీ పేరా?

కాదు, ఈ ప్రశ్నకి తప్పు జవాబు నేను కూడా ఒకప్పుడు క్లాసులో చెప్పాను. సియాచిన్ నెత్తిన ఉన్న ఆ కనుమకి 1912లో అమెరికన్ యాత్రికురాలు ఫ్యానీ బుల్లక్ వర్క్‌మన్ ఆ పేరు పెట్టింది. ఇందిరా గాంధీ పుట్టింది 1917లో. ఇందిర అంటే లక్ష్మీదేవి, తెలుగువాళ్లకి విడిగా చెప్పనక్కర్లేదు. ఆ మరుసటి వారం క్లాసులో సరిదిద్దుకున్నాను, కానీ ఆ రోజు రాని పిల్లలు ఎక్కడ ఏం రాశారో!

దౌలత్ బేగ్ ఓల్డీ అన్న పేరు వింటేనే ఏదోలా ఉంటుంది. అర్థమేంటి?

"దౌలత్ బేగ్ చచ్చిపోయిన చోటు." ఓల్డీ అంటే తుర్కిక్‌లో చనిపోయాడు అని. ఎవరా దౌలత్ బేగ్ అన్నదానికి రకరకాల కథలున్నాయి. 1533లో లద్దాఖ్ దండయాత్ర నుంచి తిరిగిపోతూ ఈ దారిలోనే పోయిన యార్కండ్ సుల్తాన్ సయీద్ ఖానే అతనని ఒక మాట. కారకోరం కనుమకి కాస్త దక్షిణాన ఉంది. చెట్టు లేదు, గడ్డి లేదు, వర్తకుల కాలంలో గుర్రాల ఎముకలే దారి గుర్తులు. ఇప్పుడు అక్కడ సుమారు 5,065 మీటర్ల ఎత్తున మన వాయుసేన రన్‌వే ఉంది, 2013 ఆగస్టులో సీ-130జే రవాణా విమానం దిగింది. దర్బూక్ నుంచి ష్యోక్ మీదుగా 255 కిలోమీటర్ల రోడ్డు కూడా వెళ్తుంది.

ప్రపంచమంతా మంచు కరుగుతుంటే కారకోరంలో కరగడం లేదట, నిజమా?

చాలామటుకు నిజం, కాకపోతే షరతులు ఉన్నాయి. ఇక్కడి హిమానీనదాల్లో చాలావాటి బరువు ఇటీవలి దశాబ్దాల్లో పెద్దగా తగ్గలేదు, కొన్ని పెరిగాయి కూడా. 2005లో కెనెత్ హ్యూయిట్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి కారకోరం వైపరీత్యం అనే అర్థంలో పేరు పెట్టాడు. హిమాలయాలకి ఎక్కువ మంచు వానాకాలపు రుతుపవనాలు తెస్తే, కారకోరానికి చలికాలంలో పడమటి గాలులు తెస్తాయి. చాలా హిమానీనదాల కింది భాగాన్ని దట్టంగా రాళ్లు కప్పి ఉంటాయి, దాంతో ఎండ మంచుకి నేరుగా తగలదు. నేపాల్‌లోనో ఉత్తరాఖండ్‌లోనో కరుగుతున్నదానికి ఇది సమాధానం కాదు. "చూశారా, అంతా బోగస్" అని ఫార్వార్డులు పెట్టేవాళ్లు ఆ సంగతి గమనించాలి.

పైగా ముందుకొచ్చే హిమానీనదంతోనూ ప్రమాదమే. హుంజాలో షిష్‌పర్ హిమానీనదం 2018 నుంచి ఉన్నట్టుండి ముందుకు జరిగి పక్క లోయ నీటికి అడ్డుకట్ట వేసింది. 2022 మేలో ఆ నీళ్లు తెగి వచ్చి కారకోరం హైవే మీద హసనాబాద్ వంతెనను కొట్టుకుపోయాయి.

మామూలు టూరిస్టులు కారకోరాన్ని ఎంత దగ్గరగా చూడొచ్చు?

నుబ్రా లోయలో పనామిక్ వైపు పోతే నదికి ఎడమ ఒడ్డున నిటారుగా లేచే కొండలు కారకోరం పాదాలే. అక్కడ వేడినీటి బుగ్గలున్నాయి. సియాచిన్ బేస్ క్యాంపు నుంచి కుమార్ పోస్టు దాకా టూరిస్టులని అనుమతిస్తామని 2019 అక్టోబరులో రక్షణ మంత్రి ప్రకటించారు. అనుమతుల రూల్స్ తరచూ మారతాయి, బయల్దేరే ముందు లేహ్‌లో కనుక్కోండి. లేహ్‌లో దిగిన రోజే ఖర్దుంగ్ లా ఎక్కే ప్లాన్ పెట్టుకోకండి, కనీసం రెండు రాత్రులు అక్కడే పడుకుని ఒంటిని అలవాటు చేసుకోండి.

తెలుగులో కారకోరం రాయాలా, కారాకోరమా, కరాకోరమా?

మూడూ కనబడుతున్నాయి. అసలు ఉచ్చారణకి "కరాకోరం" దగ్గర. మన పాఠ్యపుస్తకాల్లో, పేపర్లలో కారకోరం పాతుకుపోయింది కాబట్టి నేనూ అదే రాస్తాను. జవాబు పత్రంలో ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకోటి మాత్రం రాయకండి.